పాతబస్తీ గల్లీలో కొత్త ఇల్లు: ఒక ఇంజినీరు అనుభవ పాఠాలు

హైదరాబాదు పాతబస్తీలో ఇళ్ళు కట్టించడం, పాత ఇళ్ళు బాగుచేయించడం నా వృత్తి. లాల్‌దర్వాజ, హరిబౌలి, శాలిబండ, మొగల్‌పురా గల్లీల్లోనే నా పనికాలమంతా గడిచింది. ఇప్పుడు నిచ్చెనలెక్కే వయసు దాటిపోయింది కానీ, ఇల్లు కట్టుకోబోయేవాళ్ళు సలహాకు వస్తూనే ఉన్నారు. వచ్చినవాళ్ళ మాట దాదాపు ఒకటే: "తాతల నాటి ఇల్లు సార్, తీసేసి మోడ్రన్‌గా కట్టుకుందామనుకుంటున్నం."

కట్టుకోవాలి. మోకాళ్ళ నొప్పులతో ఉన్న తల్లి అర్ధరాత్రి వాకిలి దాటి పాయిఖానాకు పోవాల్సిన ఇంటిని, పొగచూరి గాలాడని వంటింటిని పాతవన్న గౌరవంతో అలాగే ఉంచమని నేను ఎవరికీ చెప్పను. అయితే కొండాపూర్‌లో ఖాళీ ప్లాటు మీద కట్టే ఇల్లు వేరు. 1591లో చార్మినార్ లేచిన దగ్గర్నుంచి ఒకదాన్నొకటి ఆనుకుని పెరుగుతూ వచ్చిన బస్తీలో కట్టే ఇల్లు వేరు. ఇక్కడ మీ గోడ మీద పక్కింటివాళ్ళ దూలం ఆని ఉంటుంది. మీ మిద్దె మీది వాన వాళ్ళ పునాది పక్కనుంచి పోతుంది. మీ కిటికీ తెరిస్తే వాళ్ళ భవంతి, అంటే ఇంటి నడుమ ఆకాశం కనపడే ఖాళీ జాగా, కనపడుతుంది. పాత ఇల్లు ఇన్నాళ్ళూ చేస్తూ వచ్చిన పనులేమిటో ముందు తెలుసుకుని, ఆ పనులన్నీ కొత్త ఇంటికి అప్పగించి, ఆపైన కొత్త సౌకర్యాలు చేర్చాలి. ఈ క్రింది పాఠాలన్నీ ఆ ఒక్క మాట చుట్టూ తిరిగేవే.

1. ఒక వేసవి, ఒక వానాకాలం చూశాకే ప్లాను గీయించండి

పాతబస్తీ ఇళ్ళకు గోడలు నల్లరాయి, సున్నం కలిపి కట్టినవి. మందం ఒకటిన్నర అడుగు నుంచి రెండడుగులు, కొన్నిచోట్ల ఇంకా ఎక్కువ. అంత మందం గోడ పగటి వేడిని నెమ్మదిగా పీల్చుకుంటుంది, అది లోపలికి దిగేసరికి సాయంత్రమవుతుంది. ఆ తర్వాత ఆకాశం కనపడే భవంతి రాత్రి చల్లబడి గదుల్లోని వేడిని పైకి లాగేస్తుంది. మే నెల మిట్టమధ్యాహ్నం ఏ అర్రలో చాప వేసుకుని పడుకోబుద్ధవుతుందో చూసి రాసుకోండి. వానల్లో ఏ గోడకు చెమ్మ వస్తుందో, నీళ్ళు ఎక్కడ నిలుస్తాయో గుర్తు పెట్టండి. టేపు పట్టుకుని కొలతలు తీసే ముందు నేను ఆ ఇంటి పెద్దావిడను అడిగేవాణ్ణి. "ఈ మూల వానకాలంల బియ్యం డబ్బ పెట్టం బిడ్డా" అని ఆవిడ చెప్పిన మాటలో ఒక మట్టి పరీక్ష రిపోర్టంత సమాచారం ఉంటుంది.

2. పూడ్చిన బావి ఎక్కడుందో కనుక్కోండి

నల్లాలు రాకముందు ఈ ఇళ్ళలో చాలావాటికి సొంత బావి ఉండేది. తర్వాత తరాలవాళ్ళు దాన్ని చెత్తతో, మట్టితో పూడ్చి పైన బండలు పరిచేశారు. పాత పాయిఖానా గుంతలదీ అదే కథ. మూడంతస్తుల బరువు మోసే పిల్లరు అలాంటి చోట పడితే ఇల్లు ఒకవైపు కుంగుతుంది. గునపంతో కొట్టి చప్పుడు వినండి, అనుమానమున్న చోట తవ్వి చూడండి, గల్లీలో అందరికన్నా పెద్దవాళ్ళను అడగండి. బావి ఇంకా తెరిచే ఉంటే దాన్ని ఉంచేయండి. మిద్దె మీది వాననీటిని ఇసుక, కంకర పొరల గుండా వడగట్టి అందులోకి వదలొచ్చు. మోరీ నీళ్ళు మాత్రం చుక్క కూడా కలవకూడదు. సికింద్రాబాద్ బన్సీలాల్‌పేట మెట్లబావి ఏళ్ళ తరబడి చెత్తలో మునిగి ఉండేది. దాన్ని శుభ్రం చేసి 2022లో తెరిచాక అందరూ చూడటానికి పోతున్నారు. మీ ఇంట్లో ఉన్నదీ అలాంటిదే, చిన్నది.

3. ఉమ్మడి గోడ దగ్గర తొందర పనికిరాదు

పాతబస్తీలో నేను చూసిన ప్రమాదాల్లో ఎక్కువ భాగం కొత్త ఇంటికి జరిగినవి కావు, పక్కింటికి జరిగినవి.

రెండిళ్ళ మధ్య ఒకే గోడ ఉంటుంది. అటూ ఇటూ దూలాలు, గదులు ఉన్నంతకాలం అది లోపలి గోడే, వాన చూడదు. ఒకవైపు ఇల్లు కూల్చేశారంటే రాత్రికి రాత్రి అది బయటి గోడ అయిపోతుంది. దాని రెండు ముఖాల్లోనే మంచి రాయి ఉంటుంది, నడుమ చాలాచోట్ల మట్టి, రాతిముక్కలు నింపి ఉంటాయి. పైనుంచి వాన దిగితే ఆ మట్టి ఉబ్బుతుంది, గోడ కడుపులా ముందుకొస్తుంది, ఒకనాడు కూలుతుంది. వానాకాలం మొదలవగానే శిథిల భవనాలకు నోటీసులు వస్తాయి. ఆ శిథిలాల్లో కొన్ని వయసు వల్ల పాడైనవి కావు, పక్క ఇల్లు తీసేయడం వల్ల పాడైనవి.

అందుకని కూల్చివేత వానలు వెళ్ళాకే పెట్టుకోండి. గోడ బయటపడ్డ వారంలోనే దాని తల మీద సున్నపు కప్పు వేయించి, ముఖానికి సున్నం గిలాబు చేయించండి. పనికి ముందు పక్కింటివాళ్ళతో కలిసి వాళ్ళ గదుల్లోని పగుళ్ళన్నిటికీ ఫొటోలు తీసి, తేదీ వేసి, ఇద్దరూ సంతకాలు పెట్టుకోండి. పెద్ద పగుళ్ళ మీద అడ్డంగా సన్నటి గాజు పలక అతికించడం మా పాత పద్ధతి. పగులుకు రెండువైపులా సిమెంటు ముద్ద పెట్టి, అగ్గిపెట్టె పొడవు గాజుముక్క దాని మీద అంటించి, తేదీ రాసేవాళ్ళం. పొద్దున పనిలోకి రాగానే మేస్త్రీ ముందు ఆ గాజు చూసి రావాలి. గాజు చిట్లిందంటే గోడ కదులుతోందన్నమాట, తవ్వకం అక్కడితో ఆపాలి. పరికరాలు ఎన్నో వచ్చాయి గానీ, పక్కింటి అమ్మ కూడా రోజూ తన కళ్ళతో చూసుకోగల పరికరం ఇదొక్కటే.

పునాది సంగతి. పాత గోడల పునాది లోతు తక్కువ. దాని పక్కన గోడ పొడవునా ఒకేసారి లోతుగా కందకం తీస్తే పాత పునాది కింద మట్టి జారుతుంది. నాలుగైదు అడుగుల ముక్కలుగా, ఒకటి వదిలి ఒకటి తవ్వాలి. తవ్విన ముక్కలో కాంక్రీటు పడి గట్టిపడ్డాకే రెండోదాని మీద గడ్డపార పెట్టాలి. కొత్త పిల్లర్లను గోడకు అంటించకుండా అడుగు లోపలికి జరిపి, కొత్త ఇంటికీ పాత గోడకూ మధ్య అంగుళం సందు వదిలి, పైన వాన దిగకుండా రేకు మూత వేయాలి. రెండిళ్ళూ దేని బరువు అది మోసుకుంటాయి. అడుగు జాగా పోతోందని యజమానులు బాధపడతారు. పక్కింటి గోడ పడితే పోయేదానితో పోలిస్తే ఆ అడుగు ఎంత?

4. సున్నం గోడకు సిమెంటు పూయకండి

గోడ చెమ్మ పడుతోంది, సిమెంటుతో గట్టిగా ప్లాస్టరింగ్ చేయించండి అని సలహా ఇచ్చేవాళ్ళు ప్రతి గల్లీలోనూ ఉన్నారు. పాత గోడ నేలలోంచి కొంత నీటిని పీల్చుకుంటూనే ఉంటుంది. సున్నం ఆ చెమ్మను బయటికి ఆరనిస్తుంది. సిమెంటు ఆరనివ్వదు. లోపల చిక్కుకున్న నీళ్ళు ఇంకా పైకి పాకుతాయి, దాంతోపాటు ఉప్పు వచ్చి పూత కింద పేరుకుంటుంది. రెండు మూడు వానాకాలాలు తిరిగేసరికి ప్లాస్టరింగ్ పలకలు పలకలుగా ఊడిపడుతుంది, ఊడేటప్పుడు రాతి మధ్య పాత సున్నాన్ని కూడా లాక్కుపోతుంది. దాని మీద మళ్ళీ సిమెంటు. ఇలా మూడు పొరలు వేసిన గోడ వెనక సున్నం పిండిలా రాలిపోవడం నేను చేత్తో తడిమి చూశాను.

చేయించాల్సింది సున్నం పనే. రాతిసున్నం నీళ్ళలో విరిచి, మెత్తబడేదాకా తగినన్ని వారాలు తొట్టిలో నానబెట్టి, ఇసుక, సుర్ఖీ (ఇటుకపొడి) కలిపి రుబ్బాలి. బెల్లం నీళ్ళు, కరక్కాయ నానబెట్టిన నీళ్ళు చేరుస్తారు. పలుచటి పొరలుగా పూసి, ఒక్కో పొరకు వ్యవధి ఇస్తూ, నీడలో తడుపుతూ ఆరనివ్వాలి. రోజుల్లో అయ్యే పని కాదు, నెలలు పడుతుంది. వ్యవధి లేదనేవాళ్ళకు నా జవాబు ఒకటే: కనీసం కింది అంతస్తు రాతిగోడలకైనా ఇది చేయించండి, మీ కొత్త ఇటుక గోడలకు ఏది పూసినా నాకు అభ్యంతరం లేదు. కరెంటు వైర్ల కోసం ఆ పాత గోడల్లో గాడులు కొట్టకండి. పైపు గోడ మీదే తిన్నగా పోనిస్తే చూడ్డానికి బాగానే ఉంటుంది, రిపేరుకు సులువు.

5. నీళ్ళ పనులన్నీ ఒక్కచోట

పాత ఇంటిని ఉంచి లోపల బాగుచేసుకునేవాళ్ళకు ఈ మాట. టేకు దూలాల మిద్దె మీద బాత్రూమ్ కట్టకండి. ఎంత వాటర్‌ప్రూఫింగ్ చేసినా ఏదో ఒకనాడు నీళ్ళు దిగుతాయి. దూలం నడుమ చూస్తే బాగానే ఉంటుంది, గోడలోకి దిగిన కొస పుచ్చిపోయి ఉంటుంది. స్క్రూడ్రైవర్‌తో ఆ కొసలో పొడిచి చూడండి. వంటిల్లు, బాత్రూములు, వాషింగ్ మెషీను, ట్యాంకు అన్నిటినీ ఇంటి వెనక భాగంలో విడిగా పిల్లర్ల మీద లేపిన ఒక్క కొత్త భాగంలో ఒకదాని మీద ఒకటి వచ్చేలా పెట్టండి. అదే మీ మోడ్రన్ ఇల్లు. ముందు భాగం పొడిగా, చల్లగా, పాత గోడలతోనే ఉంటుంది.

6. రోడ్డు ఇంకా పైకి వస్తుందని లెక్కేసుకోండి

పాత పొర తీయకుండా రోడ్డు మీద రోడ్డు వేస్తూ పోవడం వల్ల ఎన్నో ఇళ్ళ గడపలు రోడ్డుకన్నా కిందికి దిగిపోయాయి. ఒకప్పుడు మూడు మెట్లెక్కి వెళ్ళిన ఇళ్ళలోకి ఇప్పుడు మెట్టు దిగి వెళ్తున్నాం. 1908 సెప్టెంబరు 28 నాటి మూసీ వరద గురించి పెద్దవాళ్ళు చెప్పగా విన్నాం. 2020 అక్టోబరు వరదలో పాతబస్తీ కాలనీలు మునగడం కళ్ళారా చూశాం. కొత్త ఇంటి నేల మట్టాన్ని ఇప్పటి రోడ్డుకు కనీసం రెండున్నర అడుగులు పైన పెట్టండి. మోరీ చాంబరుకు వెనక్కి తన్నని వాల్వు పెట్టించండి, లేకపోతే వరదనాడు మొదట నీళ్ళొచ్చేది మీ బాత్రూమ్ జాలీలోంచే. నేల లేపినందుకు వచ్చే మెట్లు మాత్రం మీ జాగాలోనే రావాలి, గల్లీలోకి కాదు.

7. భవంతిని మింగేయకండి

అరవై గజాల ప్లాటులో నడుమ జాగా వదలమంటే ఇంజినీరుకు మతి పోయిందంటారు. మూడువైపులా ఇళ్ళు ఆనుకుని ఉన్న ప్లాటులో వెలుతురు రావాలంటే గల్లీ వైపు నుంచి, లేదా ఆకాశం నుంచి, మూడో దారి లేదు. గల్లీ వెడల్పు ఎనిమిదడుగులు, ఎదురిల్లు మూడంతస్తులు. మిగిలింది ఆకాశమే. పెద్ద భవంతి కుదరకపోతే ఇంటి నడుమ మెట్ల దారి పెట్టి, దాని మీద గాజు కప్పు వేసి, ఆ కప్పు పక్కల గాలి పోయేలా జాలీలు వదలండి. వేడిగాలి మెట్ల మీదుగా పైకి పోతుంది, కింది వంటింట్లోకి పగలు దీపం అక్కర్లేని వెలుతురు వస్తుంది. మిద్దెకు తెల్లటి పూత వేయించండి. తెలంగాణ 2023లో తెచ్చిన కూల్ రూఫ్ విధానం చిన్న ఇళ్ళకు తప్పనిసరి కాదు, కానీ హైదరాబాదులో పై అంతస్తు వేడికి పెద్ద కారణం పైకప్పే కాబట్టి ఆ ఖర్చు వృథా పోదు. ఏసీ బయటి పెట్టెలు గల్లీలోకి వేలాడదీయకండి. ఆ వేడిగాలి పోయేవాళ్ళ ముఖాన, ఎదురింటి కిటికీలోకి కొడుతుంది. అవి మిద్దె మీదే ఉండాలి.

8. రెండో దారి లేని ఇల్లు కట్టకండి

2025 మే 18 పొద్దున గుల్జార్ హౌజ్ దగ్గర ఒక పాత భవనంలో మంటలు లేచి 17 మంది చనిపోయారు. వాళ్ళలో చిన్నపిల్లలున్నారు. లోపలికి పోవడానికి సొరంగం లాంటి ఒకే దారి, పైకి ఒకే ఇరుకు మెట్లు. నా జీవితమంతా నడిచిన వీధి అది. ఆ వార్త విన్నాక చాలా రోజులు నిద్ర పట్టలేదు. ఎందుకంటే పాతబస్తీలో అలాంటి ఇళ్ళు ఎన్ని ఉన్నాయో మాకు తెలుసు. వాటిలో ఏసీలు చేరాయి, ఫ్రిజ్‌లు చేరాయి, కింద దుకాణం గోదాము చేరింది, వైర్లు మాత్రం అవే.

కాబట్టి ఇది సలహా కాదు, షరతు అనుకోండి. మిద్దె తలుపు లోపలినుంచి తాళం లేకుండా తెరుచుకోవాలి. పక్క మిద్దె మీదికి దాటే ఏర్పాటు ఇరువైపులా ఒప్పుకుని పెట్టుకోండి, పిట్టగోడలో చిన్న తలుపైనా చాలు. కిటికీలన్నిటికీ ఇనుప గ్రిల్ బిగించే అలవాటు మనది. ప్రతి అంతస్తులో వీధి వైపు ఒక్క గ్రిల్‌కైనా బందులు పెట్టి, మనిషి పట్టేంత తెరుచుకునేలా చేయించండి, తాళంచెవి గోడకే వేలాడాలి. మెయిన్ బోర్డులో లీకేజీకి కరెంటు కట్ అయ్యే బ్రేకరు పెట్టించండి. మెట్ల కింద గ్యాసు సిలిండర్లు, స్కూటర్ ఛార్జింగ్ వద్దు. ఫైరింజన్ మీ గల్లీ మొదట్లోనే ఆగిపోతుందని తెలిసి కట్టండి.

9. మీ కిటికీలోంచి ఏం కనపడుతుందో ఆలోచించండి

మీరు మూడంతస్తులు లేపితే చుట్టూ ఉన్న భవంతులన్నీ మీకు కనపడతాయి. ఆ భవంతిలో ఆడవాళ్ళు తలారబోసుకుంటారు, వడియాలు పెట్టుకుంటారు, పరదా పాటించే ఇంట్లో అదొక్కటే వాళ్ళు ఆకాశం చూసే చోటు. ఒక సైటులో మేము సెంట్రింగ్ విప్పిన రోజున పక్కింటి పెద్దావిడ మిద్దె మీదికి మనిషిని పంపింది: "ఇంజినీర్ సాబ్‌ను ఒక్కసారి మా సెహన్‌లో నిలబడి పైకి చూడమనండి." వెళ్ళి ఆ భవంతిలో నిలబడ్డాను. ఇంకేం చెప్పనక్కర్లేకపోయింది. ఆ వైపు కిటికీల అడుగు మట్టం మనిషి కంటికన్నా పైకి లేపాం, మెట్ల వైపు జాలీ పెట్టాం, పిట్టగోడ ఐదడుగులు చేశాం. మా గదుల్లోకి వెలుతురు తగ్గలేదు, గాలి ఆగలేదు.

10. గల్లీ ఎంత ఇస్తే అంతే డిజైన్

నలభై అడుగుల ఇనుప సలాక మలుపు తిరగదు, గల్లీ మొదట్లోనే కోయాలి. రెడీమిక్స్ లారీ రాదు. ఇసుక చిన్న ట్రాలీ ఆటోలో, ఆ తర్వాత తల మీద. అందుకని పెద్ద హాలు, పొడవు బీములు అని బొమ్మలు చూపించే ఆర్కిటెక్టును ముందు ఆ గల్లీలో నడిపించండి. పది పన్నెండు అడుగుల గదులు, ముక్కలుగా తెచ్చి బోల్టులతో బిగించే ఇనుప ఫ్రేములు ఇక్కడ నప్పుతాయి. కారు రాని గల్లీలో కింది అంతస్తును పార్కింగ్‌కు వదలడం నాకు అర్థంకాని పని. అక్కడ తల్లిదండ్రులకు గది, బాత్రూమ్ పెట్టండి.

11. ముఖానికి వేషం వద్దు

ఫైబర్ కమానులు, అచ్చుపోసిన మినార్లు అతికిస్తే పాతబస్తీ ఇల్లు అయిపోదు. అద్దాలు, ఏసీపీ షీట్లు తొడిగితే మోడ్రనూ అయిపోదు. ఆ షీట్లలో నాసిరకానివి అగ్గికి ఎలా అంటుకుంటాయో ఇరుకు గల్లీలో తలచుకోవడానికే భయం. 1908 వరద తర్వాత, 1912లో ఏర్పడ్డ సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పత్తర్‌గట్టి బజారు కట్టించింది. ఆ రోజుల్లో అది కొత్త కట్టడమే. కింద దుకాణాలు, పైన నివాసాలు, నడిచేవాళ్ళ తల మీద నీడనిచ్చే రాతి కమానుల వరస. పక్కవాటితో తల ఒకే ఎత్తున, గీత ఒకే వరసన. నేర్చుకోవాల్సింది ఆ మర్యాద. పక్కిళ్ళ అంతస్తు గీతకు మీ గీత కలపండి, తలుపులు కిటికీలు నిలువుగా పెట్టండి, గడప పక్కన అరుగు ఉంచండి, మీ పాత టేకు దర్వాజను అమ్ముకోకుండా మళ్ళీ నిలబెట్టండి. బాల్కనీని గల్లీ మీదికి తోయకండి. ఆషాఢంలో అక్కన్న మాదన్న గుడి ఘటం, మొహర్రంలో బీబీ కా ఆలం ఏనుగు మీద వెళ్ళే ఊరు ఇది. ఊరేగింపు వీధులు ఆ ఎత్తును, ఆ వెడల్పును ఇన్నేళ్ళూ కాపాడుతూ వచ్చాయి.

12. అనుమతుల మాట

చార్మినార్ వంటి కేంద్ర రక్షిత కట్టడానికి 100 మీటర్ల లోపు కొత్త నిర్మాణం నిషిద్ధం, ఆపైన మరో 200 మీటర్ల దాకా ముందస్తు అనుమతి కావాలి. ఇది పురాతన కట్టడాల చట్టానికి 2010లో చేసిన సవరణ. పునాది తీశాక నోటీసు వస్తే కోర్టుల చుట్టూ తిరగాలి, కాబట్టి ముందే కొలిపించండి. 75 గజాల లోపు ప్లాటులో ఏడు మీటర్లు దాటకుండా కింద ఒక అంతస్తు, పైన ఒక అంతస్తు కట్టుకుంటే, 2020 నాటి భవన అనుమతుల చట్టం ప్రకారం రూపాయి కట్టి నమోదు చేసుకుంటే చాలు. అనుమతి అక్కర్లేదంటే ఇంజినీరు అక్కర్లేదని కాదు. ఆ చిన్న ప్లాట్లలోనే ఉమ్మడి గోడలు ఎక్కువ.

13. సున్నం మేస్త్రీ పక్కన ఒక కుర్రవాణ్ణి పెట్టండి

ఇవన్నీ చదివి, సరే చేయిద్దాం అనుకున్నా చేసేవాళ్ళు కావాలి కదా. కుతుబ్‌షాహీ సమాధుల దగ్గర ఆగాఖాన్ ట్రస్టు 2013 నుంచి పెద్ద ఎత్తున సున్నం పని చేయించింది, అక్కడ చేయి తిరిగిన మేస్త్రీలు హైదరాబాదులో ఉన్నారు. వాళ్ళ కూలీ సిమెంటు మేస్త్రీ కన్నా ఎక్కువే, ఇవ్వండి. వాళ్ళలో చాలామంది నా వయసుకు దగ్గర పడుతున్నారు. మీ ఇంటి పనికి సున్నం మేస్త్రీని పిలిచినప్పుడు, గల్లీలో పని వెతుక్కునే ఒక కుర్రవాణ్ణి ఆయన చేతికింద పెట్టి, వాడి కూలీ కూడా మీరే భరించండి. ఇంటి మొత్తం ఖర్చులో అది మీకు లెక్కలోకి రాని సొమ్ము. రేపు మీ పక్కింటివాళ్ళకు మేస్త్రీ కావాల్సి వస్తే ఆ కుర్రవాడు ఉంటాడు.